మా అన్న కంప్యూటర్‌కు గ్రాఫిక్స్ కార్డు బిగించిన విధానం

ఎండాకాలం సెలవుల్లో నేను నేర్చుకున్న ఒక పని గురించి రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

మా పెద్దమ్మ కొడుకు భద్రాచలంలో గది అద్దెకు తీసుకొని పెళ్ళి వీడియోలు చేస్తాడు. ఆయన కంప్యూటర్ షాపులో తయారుగా కొన్నది కాదు. ఒక్కొక్క సామాను తెచ్చి తనే బిగించుకున్నాడు. అందులో వీడియో పని చేస్తుంటే ఆగి ఆగి నడిచేది. అందుకని జీఫోర్స్ జీటీఎక్స్ 1060 అనే గ్రాఫిక్స్ కార్డు, ఎవరో వాడినది, కొన్నాడు. డబ్బులు చాలకపోతే మా అమ్మ తునికాకు డబ్బుల్లోంచి ఇచ్చింది. అది పాడైతే అమ్మ ఎండలో పడ్డ కష్టం పోయినట్టే.

గ్రాఫిక్స్ కార్డు ఎందుకు?

తెర మీద బొమ్మంతా చుక్కలే. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డ వరుసలు ఉంటే మొత్తం 20,73,600 చుక్కలు. వీడియోలో అవి సెకనుకు చాలాసార్లు మారాలి. ప్రాసెసర్ తెలివైనదే గాని దానికి చేతులు తక్కువ. తునికాకు 50 ఆకులు ఒక కట్ట కదా. ఒక్కరే కూర్చొని కడితే పొద్దు పోతుంది. ఊరంతా కూర్చుంటే గబగబా అయిపోతుంది. కార్డు కూడా అంతే. అన్న కొన్న 6 జీబీ కార్డులో 1280 చిన్న కోర్లు కలిసి పని చేస్తాయి.

ముందు కరెంటు లెక్క

మదర్ బోర్డు స్లాట్ 75 వాట్లే ఇస్తుంది. ఈ కార్డుకు 120 వాట్లు కావాలి. అందుకే ఎస్ఎంపీఎస్ నుంచి 6 పిన్నుల వైరు కూడా పెట్టాలి. అది ఇంకో 75 వాట్ల వరకు ఇస్తుంది. 75 + 75 = 150. సరిపోతుంది. మొత్తం కంప్యూటర్‌కు 400 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉండాలని కార్డు కంపెనీ చెప్తుంది. అన్నది 450 వాట్లది.

బిగించే పద్ధతి

1. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసెయ్యాలి.
2. క్యాబినెట్ ఇనుమును చేత్తో ముట్టుకోవాలి. ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కల దగ్గర పెడితే అవి లేస్తాయి కదా. అట్లాంటి కరెంటు మన ఒంటి మీద కొంచెం ఉన్నా చిప్పు పాడవ్వచ్చు.
3. వెనక ఉన్న ఉత్త రేకులు రెండు విప్పాలి.
4. కార్డును అంచులు పట్టుకొని పొడుగు స్లాట్‌లో నిటారుగా నొక్కాలి. లాకు టక్కుమంటుంది. తర్వాత స్క్రూ బిగించాలి.
5. 6 పిన్నుల వైరు పెట్టాలి. దిక్కు చూసి పెట్టాలి, బలవంతం చెయ్యొద్దు.
6. మానిటర్ వైరు కార్డుకే పెట్టాలి. ఆన్ చేశాక డ్రైవర్ ఎక్కించాలి.

ఆరోది మేం మర్చిపోయాం. ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరిగాయి గాని తెర మీద "నో సిగ్నల్" అని వచ్చింది. "పోయిందే చెల్లీ, మోసపోయాం" అని అన్న తల పట్టుకున్నాడు. నాకు అమ్మ ముఖం గుర్తొచ్చింది. వెనకాల నాకు ఒకటి కనిపించింది. కానీ నాకు ఇంగ్లీషు పేర్లు రావు, నవ్వుతాడేమో అని నోరు మెదపలేదు. అన్న కార్డు విప్పడానికి స్క్రూడ్రైవర్ తీశాడు. ఇక ఆగలేక అడిగాను.

"అన్నా, తెర వైరు ఇంకా పాత చోటనే ఉంది కదా? కార్డు వెనక కూడా అట్లాంటి బెజ్జమే ఉంది."

అన్న వంగి చూశాడు. నా నెత్తి మీద ఒక మొట్టికాయ వేసి, "ముందే చెప్పొద్దా!" అన్నాడు. వైరు మార్చగానే తెర వెలిగింది. కొత్త కార్డు పెడితే చాలా మదర్ బోర్డులు తమ పాత దారి మూసేస్తాయంట.

మా ఇంట్లో కోయ మాట్లాడతాం. తెలుగు తప్పు వస్తుందని నేను క్లాసులో కూడా ఇట్లాగే ఊరుకుంటాను. ఇక నుంచి పేరు తెలియకపోయినా వేలు పెట్టి చూపించి అయినా అడుగుతాను. మీరూ అడగండి.

ప్రశ్నలు
1. స్లాట్ ఎన్ని వాట్లు ఇస్తుంది?
2. ఇనుమును ఎందుకు ముట్టుకోవాలి?
3. మేం మర్చిపోయింది ఏమిటి?

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని