పొరపాటున వచ్చిన సీటు కాదు

బుజ్జీ,

మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "పొరపాటున నాకీ మెడికల్ సీటు వచ్చినట్టుంది పెద్దమ్మా, ఎప్పుడో ఒకరోజు అందరికీ తెలిసిపోతుంది" అన్నావు. నలభై ఏళ్ల కిందట హాస్టల్ మేడమీద కూర్చుని నేనూ అచ్చం ఇదే అనుకున్నాను.

ఈ బాధకు 1978లోనే పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 'ఇంపోస్టర్ ఫినామినన్' అని పేరు పెట్టారు. వాళ్లు మాట్లాడింది చదువు రానివాళ్లతో కాదు, బాగా రాణించిన 150 మందికి పైగా ఆడవాళ్లతో. అంత సాధించీ, అదంతా అదృష్టమేననుకుని భయపడుతున్నవాళ్లు!

నాది తెలుగు మీడియం. అనాటమీ వైవాలో, మోచేతి మడత దగ్గరుండే క్యూబిటల్ ఫోసాలో ఏమేం ఉంటాయని అడిగారు. అన్నీ తెలుసు, ఇంగ్లీషులో నోరు పెగల్లేదు. నా పక్కనున్న అబ్బాయి గడగడా అప్పజెప్పాడు. తర్వాత వార్డులో ఒక ముసలావిడ "గుండెల్లో నిమ్ము చేరిందమ్మా" అంటే అతనికి అర్థం కాలేదు. నేను మంచం పక్కన కూర్చుని, ఎప్పట్నుంచి, దగ్గితే కళ్లె పడుతోందా, పడుకుంటే ఆయాసం ఎక్కువవుతోందా అని అడిగాను. ఆ సాయంత్రం క్యాంటీన్లో అతనే చెప్పాడు, వైవా రోజున తనకు అన్నం సయించదని. భయం అందరిదీ, మనకు కనిపించేది మాత్రం మనదొక్కటే!

ఒకటి గుర్తుపెట్టుకో. "ఈ డోసు సరిగ్గా ఉందా?" అన్న అనుమానం మంచిది. పుస్తకం తీసి చూడు, సీనియర్ని అడుగు. పిల్లలకు మందు రాసేటప్పుడు నేనిప్పటికీ బరువు చూసి రెండోసారి లెక్కేస్తాను. "అసలు నేను పనికొస్తానా?" అన్నదానికి మాత్రం ఏ పుస్తకంలోనూ జవాబు దొరకదు. దానితో రాత్రంతా కుస్తీ పట్టకు, పడుకో.

రోజుల తరబడి నిద్ర పట్టకపోతే, అన్నం సయించకపోతే దాచుకోకు. నాకు చెప్పు, అమ్మకు చెప్పు, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చెయ్యి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. "ముందే ఎందుకు రాలేదమ్మా?" అని రేపు పేషెంట్లను అడగాల్సిన దానివి నువ్వే కదా!

సంక్రాంతికి వచ్చేటప్పుడు స్టెత్ తెచ్చుకో. పెదనాన్న బీపీ నువ్వే చూద్దువుగాని. మొదటిసారి సరిగ్గా వినపడకపోతే మళ్లీ చూడు. అరిసెలు అయిపోయేదాకా ఆయన వంటింటి గుమ్మం దాటరు.

మీ పెద్దమ్మ