దీపపు స్విచ్చి యే తీగెపై నుండవలెను?

సభ్యులారా, దీపము వెలుగుటకు రెండు తీగెలు కావలెను. ఫేజు తీగె 230 వోల్టుల విద్యుత్తును దెచ్చును. న్యూట్రలు తీగె తిరుగు మార్గము. స్విచ్చి ఫేజు తీగెపైననే యుండవలెను. రైతులు తామే తీగెలు లాగుకొనిన యిండ్లలో నీ నియమము తప్పుట మేము పలుమారు చూచుచున్నాము.

స్విచ్చి న్యూట్రలుపై నున్నను దీపము వెలుగును, ఆరును. కావున లోపము కంటికి గనబడదు. మడికి నీరు మాన్పదలచినవాడు కాలువ తూమును మూయక మడి చివరి గండిని మూసినచో, పాఱుదల యాగునేగాని నీరు మడిలోనే నిలుచును. అట్లే యిచట దీప మారినను హోల్డరులో విద్యుత్తు నిలిచియుండును. స్విచ్చి యార్పితినను ధైర్యముతో బల్బు మార్చువాని వ్రేలు హోల్డరు లోపల తగిలినచో ప్రాణమునకే ముప్పు. తడినేలపై వట్టికాళ్లతో నిలిచినచో మఱింత ముప్పు.

కావున సభ్యులు గమనింపవలసినవి:

1. బల్బు మార్చునపుడు గోడ స్విచ్చిని నమ్మక, మెయిన్ స్విచ్చినే యార్పవలెను.

2. లైసెన్సుగల వైర్‌మనుచే ప్రతి హోల్డరును పరీక్ష చేయింపవలెను. దీపపు స్విచ్చి యార్పియుండగా, బల్బు తీసిన హోల్డరులో టెస్టరు వెలిగినచో, స్విచ్చిని విప్పించి తీగెలను సరిచూపింపవలెను.

3. టెస్టరు వెలుగనంతమాత్రమున విద్యుత్తు లేదనుకొనరాదు. దానిని ముందుగా విద్యుత్తుగల చోట నానించి, పనిచేయుచున్నదో లేదో చూడవలెను.

4. ఫేజునకు ఎఱుపు, న్యూట్రలునకు నలుపు, ఎర్తునకు ఆకుపచ్చ తీగెలు వాడుట వాడుక. పాత యిండ్లలో రంగును మాత్రమే నమ్మరాదు.

తీగెలు మార్పించుటకగు కూలి స్వల్పము. వర్షములు రాకముందే యీ పని ముగించుకొనుడని సభ్యులను గోరుచున్నాము.