చెత్తబుట్టను పెన్సిల్ పక్కన పెట్టకు

కాశీబుగ్గ,
మే నెల

చిరంజీవి బుజ్జికి,

నువ్వు రెండు రోజులుగా ముఖం ముడుచుకుని తిరుగుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. జీడిపిక్కల కొట్టు అబ్బాయి నీ మీద అరిచాడట, నువ్వు వాడి మీద అరిచావట. "తీసేయమంటారా అని సైటు అడిగింది కదా, సరే అని నొక్కింది వాడే కదా, నేనేం చెయ్యను" అన్నావట. ఆ మాట దగ్గరే నాకు నీతో పేచీ. ఫోన్లో అయితే మాటకి మాట పెరుగుతుందని కాగితం పట్టాను.

నిన్న సాయంత్రం ఆ కొట్టుకెళ్లి గంటసేపు కూర్చున్నాను. సీజను కదా, మందస వైపు నుంచీ వజ్రపుకొత్తూరు వైపు నుంచీ ఆటోల్లో బస్తాలు దిగుతూనే ఉన్నాయి. కాటా దగ్గర ఒకడు తూకం కేకేస్తాడు, మనవాడు ఫోన్లో ఎక్కిస్తాడు. మధ్యమధ్యలో మచ్చుకి నాలుగు పిక్కలు కోసి పప్పు చూస్తాడు. జీడి నూనె తగిలీ తగిలీ వాడి బొటనవేలు నల్లబడింది, చర్మం పొరలుగా లేచిపోయింది. ఆ వేలితోనే నువ్వు చేసిచ్చిన పద్దుల సైటు నడవాలి. నువ్వేమో ఒక్కో రైతు పేరు ఎదురుగా రెండు బొమ్మలు పెట్టావు. దిద్దడానికి పెన్సిల్, తీసేయడానికి చెత్తబుట్ట. రెండూ బూడిద రంగే, రెండూ ఒకే సైజు. ఆ రెంటికీ మధ్య నా చిటికెన వేలి గోరు కూడా పట్టలేదు. గొడవైన రోజు వజ్రపుకొత్తూరు రైతు ఒకాయన బస్తా తూకం దిద్దబోయి వాడు చెత్తబుట్ట నొక్కాడు. పదకొండు బస్తాల పద్దు మాయమైపోయింది.

అడిగింది కదా అంటావు. నిజమే, అడిగింది. నేను అక్కడున్న గంటలో నీ సైటు వాణ్ని ఇరవై మూడు సార్లు అడిగింది, లెక్కపెట్టాను. సేవ్ చేయమంటారా, ప్రింటు తీయమంటారా, బయటికి వెళ్తారా! ఇరవై మూడు సార్లూ వాడు చదవకుండానే 'సరే' నొక్కాడు. వీధిలో వచ్చేపోయే ప్రతివాణ్నీ చూసి మొరిగే కుక్క, దొంగ వచ్చిన రాత్రి మొరిగినా ఎవరూ లేవరు.

నేను స్టేషన్ మాస్టర్‌గా రిటైరయ్యానని నీకు తెలుసు కానీ క్యాబిన్‌లో ఏం చేసేవాణ్నో ఎప్పుడూ చెప్పలేదు. పాత రోజుల్లో లీవర్లు వరసగా నిలబడి ఉండేవి. ఆగు అని చెప్పే సిగ్నళ్ల లీవర్లకి ఎరుపు, పాయింట్లకి నలుపు, ఆ పాయింట్లని బిగించే తాళాలకి నీలం, పనిలేని లీవర్లకి తెలుపు. నిద్రకళ్లతో చెయ్యేసినా చెయ్యి తప్పకూడదని ఆ రంగులు. ఏదైనా లైను మూసి ఉంటే ఆ లీవరుకి ఒక కాలర్ తొడిగేవాళ్లం. మరిచిపోయి లాగబోతే చేతికి అడ్డం తగులుతుంది. తర్వాత ప్యానెల్ వచ్చింది, లీవర్లు పోయి బటన్లు వచ్చాయి. అక్కడ ఒక్క బటన్ నొక్కితే దారి పడదు. బండికి దారి ఇవ్వాలంటే సిగ్నల్ బటన్, రూట్ బటన్ రెండూ కలిపి నొక్కాలి. మోచెయ్యి తగిలినా, రిజిస్టరు మీద పడినా సిగ్నల్ వచ్చెయ్యదు.

ఇచ్చిన దారిని వెనక్కి తీసుకోవడం చూడు, అసలు సంగతి అక్కడుంది. బండి దగ్గరికొచ్చేశాక దారి మార్చాలంటే ముందు సిగ్నల్ ఎరుపు చెయ్యాలి, తర్వాత ఎమర్జెన్సీ బటన్ నొక్కాలి. అప్పుడు కూడా దారి వెంటనే విడిపోదు, 120 సెకన్లు ఆగుతుంది. నొక్కిన ప్రతిసారీ ఒక కౌంటరు అంకె మారుతుంది, ఆ అంకెని రిజిస్టర్లో రాసి కారణం చెప్పాలి. మంచి పనికి ఒక అడుగు, తిరిగిరాని పనికి నాలుగు అడుగులు. నీ సైటులో చేర్చడానికి నాలుగు గడులు నింపాలి, తీసేయడానికి ఒక్క వేలు చాలు!

ఇది రైల్వేవాళ్ల చాదస్తం అనుకోకు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా బి-17 విమానాలు క్షేమంగా దిగాక కూడా పొట్ట మీద కూలబడేవి. రెక్కల ఫ్లాపులు ఎత్తబోయి పైలట్లు చక్రాలు ఎత్తేసేవాళ్లు. అందరూ పైలట్ల తప్పన్నారు. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాక్‌పిట్‌లోకి వెళ్లి చూస్తే రెండు స్విచ్‌లూ ఒకేలా, పక్కపక్కనే ఉన్నాయి. చక్రాల స్విచ్‌కి చక్రం ఆకారంలో పిడి పెట్టించాడు. పైలట్లకి మళ్లీ శిక్షణ ఇవ్వమని అడగలేదు.

మాటల సంగతి కూడా చూసుకోవాలి. మన కొట్లలో 'ఎంట్రీ కొట్టు' అంటే ఎక్కించడం, 'ఎంట్రీ కొట్టేయ్' అంటే తీసేయడం. కంగారులో అదే 'కొట్టేయ్' త్వరగా ఎక్కించెయ్ అన్న అర్థంలో కూడా వినిపిస్తుంది. ఒక్క అక్షరం మీద రైతు డబ్బు ఆధారపడకూడదు. 'రద్దు' అన్న మాట మరీ మోసం, ఎలాగో చెప్తాను. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. రేపు అలాంటి చోట డయాలసిస్ వంతుల పని నీ చేతికే రావచ్చు. 'మీ వంతు రద్దు చేయాలా?' అని అడిగి కింద 'సరే', 'రద్దు' అని రెండు బటన్లు పెడితే, కవిటి నుంచి వచ్చిన ముసలాయన ఏది నొక్కాలి? 'వంతు ఉంచండి', 'వంతు తీసేయండి' అని రాయి. బటన్ మీద జరగబోయే పనే రాసి ఉండాలి.

ఇంకోటి. తీసేయమన్నదాన్ని వెంటనే చెరిపేయకు, పక్కన దాచు. వాట్సాప్‌లో 'అందరికీ' బదులు 'నాకు మాత్రమే' నొక్కి తలబాదుకునేవాళ్ల కోసం 2022 చివర్లో ఐదు సెకన్ల గడువిచ్చారు. కబుర్లకి అది చాలు, పిక్కల కొట్టుకి చాలదు. వీడు తప్పు చూసుకునేది రాత్రి లెక్క కట్టేటప్పుడు. జీమెయిల్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంచుతుంది కదా, నువ్వు సీజను మొత్తం ఉంచు. వెనక్కి తెచ్చుకునే దారి ఉంటే మాటిమాటికీ అడగక్కర్లేదు. ఏడాది లెక్కలన్నీ ఒకేసారి తుడిచేసే బటన్ ఒక్కటుంది చూడు, అక్కడ మాత్రం ఆ సంవత్సరం అంకెలు చేత్తో టైపు చేయించు.

ఆ రోజు పద్దు దొరికింది, కంగారు పడకు. కాటా దగ్గర కుర్రాడు పాత అలవాటుగా చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. కాగితాన్నీ నమ్ముకోలేం లే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన తెల్లవారి మన పెంకులు ఎగిరిపోయి బీరువాలో పుస్తకాలు ముద్దయిపోయిన సంగతి నీకూ గుర్తుండే ఉంటుంది. అందుకే రాత్రికి ఒక నకలు వేరే చోటికి వెళ్లేలా చూడు.

వీలు చూసుకుని ఒక ఆదివారం రా. కొట్లో వాడి పక్కన కూర్చుని, వాడి ఫోన్లో, వాడిలాగే ఒంటిచేత్తో నాలుగు పద్దులు ఎక్కించు. ముందు వాడికి సారీ చెప్పు.

వజ్రపుకొత్తూరు రైతుకి నిన్ననే డబ్బు ముట్టింది. పదకొండు బస్తాలు, 880 కిలోలు, పైసా తగ్గలేదు.

ఇట్లు,
మీ మామయ్య