ఇసుకలో నడిస్తే పిక్కల నొప్పి

ప్రశ్న: నాకు 58 ఏళ్లు. మాది మేడిపల్లి. కిందటిసారి విశాఖ బీచ్‌లో గంట నడిస్తే రెండు రోజులు పిక్కలు పట్టేశాయి. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం. ఏం చేయాలి?

జవాబు: తప్పు మీ కాళ్లది కాదు, ఇసుకది. పొడి ఇసుకలో అడుగు దిగబడుతుంది. దాన్ని లేపడానికి పిక్కలు రెట్టింపు కష్టపడతాయి. పైగా తీరం ఏటవాలు. ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది.

ఈసారి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర మొదలుపెట్టి, బీచ్ రోడ్డు ఫుట్‌పాత్ మీదే తెన్నేటి పార్కు వరకు నడవండి. నాలుగైదు కిలోమీటర్లు. సముద్రం పక్కనే ఉంటుంది, నేల గట్టిగా ఉంటుంది. తెల్లవారగానే బయల్దేరండి, ఎనిమిది దాటితే ఉక్కపోత. చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. నీళ్ల సీసా మరవకండి. తిరుగు ప్రయాణానికి ఆటో ఎక్కేయండి, అందులో నామోషీ ఏమీ లేదు! ఇసుక సరదా ఉంటే తడి ఇసుకపై పది నిమిషాలు చాలు. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, అక్కడ లాగేసే ప్రవాహాలున్నాయి.

ఈలోగా మీ కాలనీలో రోజూ అరగంట నడవండి.

ఒక పిక్కే వాచి, ఎర్రబడి, వేడిగా ఉంటే మర్దన చేయకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి. నడుస్తుంటే ఛాతీ పట్టేసినా, ఆయాసం వచ్చినా ఆగిపోయి 108కి ఫోన్ చేయండి.