హెల్మెట్ ధర – తల విలువ : ఒక పరిశీలన

(హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. అగ్రికల్చర్, రెండవ సంవత్సరం, రాజేంద్రనగర్)



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పనికొచ్చే విషయం ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. పోటీ పరీక్షల గురించి, ఉన్నత చదువుల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు. అందుకని నేను హెల్మెట్ గురించి రాస్తున్నాను. మనలో చాలామందికి ఉద్యోగం కన్నా ముందు బండి వస్తుంది. అది అన్నది కావచ్చు, చిన్నాన్నది కావచ్చు, వాయిదాల మీద కొన్న పాత బండి కావచ్చు. బండికి యాభై వేలు సర్దుకున్నవారు కూడా హెల్మెట్ దగ్గరికి వచ్చేసరికి రోడ్డు పక్క రెండు వందల యాభైకి దొరికేదే చాలనుకుంటారు. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు. స్నేహితుడి తలమీద ఉన్న పదివేల హెల్మెట్ చూసి, అంత పెట్టగలిగినవాడికే రక్షణ అనుకుంటారు. ఈ రెండు ఆలోచనలూ సరైనవి కావని లెక్కలతో చూపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసినవాణ్ణి నేనే మొదటివాణ్ణి. ఇది చదివే మీలో చాలామంది ఇళ్లలోనూ అదే పరిస్థితి. అటువంటి పిల్లవాడి తల అంటే ఆ ఇంటి పదిహేనేళ్ల పెట్టుబడి. కాబట్టి ఈ విషయాన్ని కొంచెం నిదానంగా చదవమని మనవి.

1. రోడ్డు మీద పరిస్థితి

రాజేంద్రనగర్ ప్రాంతాన్నే తీసుకుందాం. ఆరాంఘర్ చౌరస్తా నుంచి శంషాబాద్ వైపు పోయేది 44వ నంబరు జాతీయ రహదారి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైన తరువాత ఈ దారిలో రద్దీ బాగా పెరిగింది. ఔటర్ రింగు రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. కనుక బుద్వేల్, గగన్‌పహాడ్, కాటేదాన్ వైపు పనులకు పోయేవారంతా లారీలతో, బస్సులతో, విమానాశ్రయం కార్లతో కలిసి కింది రోడ్ల మీదనే ప్రయాణించాలి. తెల్లవారకముందే మెహిదీపట్నం రైతుబజారుకు, గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకు మూటలు కట్టుకొని పోయే మోపెడ్లు కూడా ఉంటాయి. ఆ మోపెడ్లు నడిపేవారిలో మన నాన్నల వంటివారే ఎక్కువ.

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల వల్ల 1,68,491 మంది చనిపోయారు. వారిలో హెల్మెట్ పెట్టుకోని ద్విచక్ర వాహనదారులు 50,029 మంది. ఇందులో బండి నడిపినవారు 35,692 మంది, వెనుక కూర్చున్నవారు 14,337 మంది. ఈ చివరి అంకెను గుర్తు పెట్టుకోండి. దీనితో మనకు తరువాత పని ఉంది.

హెల్మెట్ వల్ల నిజంగా లాభం ఉందా అని అడిగేవారికి జవాబు ఎప్పుడో దొరికింది. 1935 మే నెలలో ఇంగ్లండులో 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా పేరొందిన టి.ఇ. లారెన్స్ మోటారు సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి మరణించాడు. ఆయనను పరీక్షించిన వైద్యులలో ఒకరైన హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్ర వైద్యుడు ఆ తరువాత మోటారు సైకిల్ ప్రమాదాలను శ్రద్ధగా పరిశీలించి, హెల్మెట్ ప్రాముఖ్యాన్ని వివరిస్తూ 1941లో వ్యాసం ప్రచురించాడు. అదే సంవత్సరం బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిల్ వార్తాహరులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. ప్రపంచవ్యాప్తంగా జరిగిన 61 అధ్యయనాలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష 2008లో వెలువడింది. హెల్మెట్ వల్ల మరణించే ప్రమాదం సుమారు 42 శాతం, తలకు గాయమయ్యే ప్రమాదం సుమారు 69 శాతం తగ్గుతాయని అది తేల్చింది.

2. హెల్మెట్ ఎలా పనిచేస్తుంది?

మామిడికాయలు కోసేటప్పుడు కింద ఒకరు గోనెపట్టా పట్టుకొని నిలబడతారు. కాయ బండమీద పడితే పగులుతుంది, పట్టాలో పడితే పగలదు. రెండుచోట్లా కాయ బరువు ఒకటే, పడే వేగం ఒకటే. తేడా అంతా ఆగడంలో ఉంది. బండమీద అది ఒక్క క్షణంలో ఆగిపోతుంది. పట్టాలో కొంత దూరం కిందికి దిగి ఆగుతుంది. హెల్మెట్ చేసే పని కూడా ఇదే.

హెల్మెట్‌లో పైన గట్టి పెంకు ఉంటుంది. లోపల మూడు, నాలుగు సెంటీమీటర్ల మందాన థర్మోకోల్ పొర ఉంటుంది. చాలామంది పెంకే ప్రాణం కాపాడుతుందని అనుకుంటారు. పెంకు దెబ్బను ఎక్కువ చోటికి పంచుతుంది, కోసుగా ఉన్నవి లోపలికి దిగకుండా ఆపుతుంది. అసలు దెబ్బను మింగేది లోపలి థర్మోకోల్. అది నలిగిపోతూ తలను మెల్లగా ఆపుతుంది. అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన రోత్, లొంబార్డ్ అనేవారికి నలిగే పొర ఉన్న హెల్మెట్‌కు 1953లో పేటెంటు లభించింది. నేటి హెల్మెట్లన్నీ ఆ సూత్రం మీదనే తయారవుతున్నాయి.

తొమ్మిదో తరగతిలో చదివిన చలన సమీకరణంతో దీన్ని లెక్క కట్టవచ్చు. తల సెకనుకు 7 మీటర్ల వేగంతో, అంటే గంటకు సుమారు 25 కిలోమీటర్ల వేగంతో, రోడ్డుకు తగిలిందని అనుకుందాం. ఇది రెండున్నర మీటర్ల ఎత్తు నుంచి పడినప్పుడు వచ్చే వేగం. ఆగే దూరం తెలిస్తే త్వరణం (ఇక్కడ రుణ త్వరణం) = వేగం వర్గం ÷ (2 × ఆగే దూరం).

హెల్మెట్ లేనప్పుడు తల 5 మిల్లీమీటర్లలో ఆగిందనుకుంటే: 49 ÷ 0.01 = 4,900. ఇది భూమి ఆకర్షణకు 500 రెట్లు.

హెల్మెట్ ఉండి 25 మిల్లీమీటర్లలో ఆగిందనుకుంటే: 49 ÷ 0.05 = 980. ఇది 100 రెట్లు.

తల బరువు 5 కిలోలు అనుకుంటే, మొదటి సందర్భంలో తలమీద పడే బలం 2,500 కిలోల బరువుతో సమానం. రెండవ సందర్భంలో 500 కిలోలతో సమానం. రెండు సెంటీమీటర్ల తేడా బలాన్ని అయిదో వంతుకు తగ్గించింది. ఐరోపా దేశాల 22.05 ప్రమాణం ప్రకారం పరీక్షలో హెల్మెట్‌ను సెకనుకు 7.5 మీటర్ల వేగంతో దిమ్మెకు కొట్టినప్పుడు లోపలి తలబొమ్మపై త్వరణం 275 రెట్లు దాటరాదు.

ఇప్పుడు ధర విషయానికి వద్దాం. వెయ్యి రూపాయల హెల్మెట్‌లోనూ, యాభై వేల హెల్మెట్‌లోనూ తలకు, పెంకుకు మధ్య ఉండే చోటు ఇంచుమించు ఒకటే. ఎంత డబ్బు పెట్టినా జానెడు మందం హెల్మెట్‌ను ఎవరూ మోయలేరు. ఆగే దూరం అంతగా మారనప్పుడు రక్షణ కూడా ధరతో పాటు యాభై రెట్లు పెరగదు. రోడ్డు పక్క నకిలీ హెల్మెట్‌కు మాత్రం ఈ మాట వర్తించదు. అందులో చాలావాటికి లోపల ఉండేది మెత్తటి స్పాంజి మాత్రమే. స్పాంజి వేలితో నొక్కితేనే అణిగిపోతుంది, దెబ్బను మింగలేదు. తల హెల్మెట్‌లో ఉన్నా దాదాపు బండమీద పడినట్టే.

3. ఐ.ఎస్.ఐ. గుర్తు అంటే ఏమిటి?

వ్యవసాయ కుటుంబాల పిల్లలకు దీన్ని విత్తనాలతో పోల్చి చెబితే తొందరగా అర్థమవుతుంది. ధ్రువీకరించిన విత్తన సంచికి నీలి రంగు ట్యాగు ఉంటుంది. వరి విత్తనమైతే కనీసం 80 శాతం మొలక ఉంటేనే ఆ ట్యాగు ఇస్తారు. సంచిమీద బొమ్మ ఎంత అందంగా ఉన్నా ట్యాగు లేకపోతే తెలిసిన రైతు కొనడు. నకిలీ విత్తనం వల్ల ఒక పంట పోతుంది. నకిలీ హెల్మెట్ వల్ల పోయేది మళ్లీ రాదు.

ఐ.ఎస్.ఐ. గుర్తు కూడా అటువంటి ట్యాగే. ద్విచక్ర వాహనాల హెల్మెట్‌కు భారతీయ ప్రమాణం నంబరు ఐ.ఎస్. 4151. దెబ్బను మింగే శక్తి, గడ్డం పట్టీ బలం, పక్కలకు కనిపించే చూపు వంటివి పరీక్షించి ఈ గుర్తు ఇస్తారు. 2020లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2021 జూన్ 1 నుంచి ఈ గుర్తు లేని హెల్మెట్లను తయారు చేయడం, అమ్మడం నేరం. అయినా రోడ్డు పక్కన అమ్మకం ఆగలేదు. కొన్నింటిమీద గుర్తును కూడా ఉత్తుత్తి స్టిక్కరుగా అంటిస్తున్నారు. అసలు గుర్తుకు పైన ఐ.ఎస్. 4151 అని, కింద సి.ఎం./ఎల్. అనే లైసెన్సు నంబరు ఉంటాయి. 'బి.ఐ.ఎస్. కేర్' అనే యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు వస్తుంది. పేరు కలవకపోతే అది నకిలీ.

ఒక్క మాట. ట్యాగు అనేది పాస్ మార్కు వంటిది, ర్యాంకు కాదు. పాసైన వాటిలోనూ ఎక్కువ తక్కువలు ఉంటాయి. అయితే ఆ ఎక్కువ తక్కువలు ధరను బట్టి ఉంటాయా అన్నదే ప్రశ్న.

4. ఎక్కువ డబ్బు పెడితే ఏం వస్తుంది?

బ్రిటన్ రవాణా శాఖ 2007లో 'షార్ప్' అనే పథకం ప్రారంభించింది. అప్పటికే ప్రమాణం పాసైన హెల్మెట్లను కొని, వేరువేరు వేగాల వద్ద పరీక్షించి, ఒకటి నుంచి అయిదు నక్షత్రాలు ఇస్తారు. తక్కువ ధర హెల్మెట్లు కొన్ని అయిదు నక్షత్రాలు తెచ్చుకున్నాయి. వాటికన్నా ఎన్నో రెట్లు ఖరీదైనవి కొన్ని అంతకన్నా తక్కువ దగ్గరే ఆగిపోయాయి. ధరను చూసి రక్షణను అంచనా వేయలేమని దీనివల్ల తెలుస్తుంది.

అట్లాగని ఖరీదైనవి దండగ అని కూడా అనలేం. వాటికి పెట్టే డబ్బు ప్రధానంగా వీటికి పోతుంది: పెంకులో ప్లాస్టిక్‌కు బదులు ఫైబర్ గ్లాసు లేదా కార్బన్ ఫైబర్, దానివల్ల తగ్గే బరువు, గాలి ఆడే దారులు, గీతలు పడని అద్దం, తీసి ఉతుక్కునే లోపలి గుడ్డ, గాలి హోరు తగ్గడం, రంగులు, కంపెనీ పేరు. 2021లో అమల్లోకి వచ్చిన ఐరోపా 22.06 ప్రమాణంలో తల గిర్రున తిరిగే దెబ్బను కూడా పరీక్షిస్తారు. ఆ గుర్తు ఉన్నదానికి కొంత అదనపు విలువ ఉంది.

వీటిలో సౌకర్యాన్ని తేలికగా తీసుకోకూడదు. మన ఎండల్లో రోజుకు పది గంటలు బండిమీద తిరిగి ఆహారం, పార్సిళ్లు అందించే తమ్ముళ్లు ఉన్నారు. హెల్మెట్ ఉక్కపోస్తే వారు దాన్ని తీసి ట్యాంకుమీద పెడతారు. ట్యాంకుమీది హెల్మెట్ ఎంత ఖరీదైనదైనా తలకు పనికిరాదు. అందువల్ల బండే పనిముట్టుగా బతికేవారు రెండు, మూడు వేల దాకా పెట్టడం సబబే. రోజూ కాలేజీకి అయిదారు కిలోమీటర్లు పోయివచ్చేవారికి వెయ్యి, పదిహేను వందల లోపు ఐ.ఎస్.ఐ. హెల్మెట్ సరిపోతుంది. ముప్ఫై వేలు, యాభై వేలు పెట్టి విదేశీ హెల్మెట్ కొనుక్కోవడం స్తోమతు ఉన్నవారి ఇష్టం. అది లేదని మనం చిన్నబుచ్చుకోనక్కరలేదు.

5. ఒకటి ఖరీదైనదా, రెండు మామూలువా?

ఇప్పుడు ఆ 14,337 అంకెను తలచుకోండి. చేతిలో మూడు వేలు ఉన్నాయి. మూడు వేలకు ఒకటి కొనాలా, పదిహేను వందల చొప్పున రెండు కొనాలా? నా జవాబు రెండు కొనాలనే. మొదటి తలకు పదిహేను వందల పైన పెట్టే డబ్బుతో కలిగే అదనపు రక్షణ కొద్దిది. అదే డబ్బు రెండవ తలకు పెడితే, ఏమీ లేని చోట పూర్తి రక్షణ వస్తుంది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ కూడా నడిపేవారికీ, వెనుక కూర్చునేవారికీ ఒకే నియమం పెట్టింది. వెనుక కూర్చునేది ఎక్కువగా అమ్మ, అక్క, చెల్లెలు. పట్టుకోవడానికి ముందు హ్యాండిల్ కూడా వారికి ఉండదు. కొప్పు ఉంటే హెల్మెట్ సరిగా దిగదు కనుక ప్రయాణంలో జడ కిందికి వేసుకుంటే చాలు.

కొత్త బండి కొంటున్నవారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 138వ నియమం ప్రకారం కొత్త ద్విచక్ర వాహనంతో పాటు ప్రమాణం కలిగిన హెల్మెట్ ఇవ్వాలి. షోరూములో మొహమాటం లేకుండా అడగండి. అది మన హక్కు.

6. కొనేటప్పుడు, వాడేటప్పుడు గమనించవలసినవి

1. నుదుటి చుట్టూ టేపుతో కొలిచి సైజు చూసుకోవాలి. పెట్టుకొని తల ఊపితే హెల్మెట్ విడిగా ఊగరాదు. బుగ్గలను కాస్త నొక్కినట్టు ఉండాలి.

2. పట్టీ బిగించి, వెనుక నుంచి పైకి ఎత్తి చూడాలి. ఊడి వస్తే ఆ సైజు వద్దు.

3. గడ్డం కూడా కప్పే పూర్తి హెల్మెట్ మేలు. టోపీ వంటి సగం హెల్మెట్ ముఖాన్ని కాపాడదు.

4. కట్టడాల పనివారి పసుపు టోపీ పైనుంచి పడే వస్తువుల కోసం చేసింది. దాని ప్రమాణమే వేరు. బండిమీద పనికిరాదు.

5. ఒకరు వాడిన హెల్మెట్ కొనవద్దు. ఒకసారి గట్టి దెబ్బ తిన్నదానిలో థర్మోకోల్ నలిగి ఉంటుంది. నలిగిన పొర మళ్లీ పనిచేయదు. పైకి మాత్రం ఏమీ కనిపించదు.

6. పెట్రోలు, థిన్నరుతో తుడవవద్దు. పెట్రోలులో థర్మోకోల్ ముక్క వేసి చూస్తే కరిగిపోవడం మీకే తెలుస్తుంది. సబ్బునీళ్లు చాలు.

7. పట్టీ పెట్టుకోని హెల్మెట్ మొదటి కుదుపుకే ఎగిరిపోతుంది. దాన్ని పోలీసుల కోసం పెట్టుకున్నట్టే, తల కోసం కాదు.

ముగింపు

రెండు వందల యాభై నుంచి వెయ్యి దాకా పెరిగే ధర ప్రాణాన్ని కొంటుంది. అక్కడి నుంచి మూడు వేల దాకా పెరిగేది ఎక్కువగా సౌకర్యాన్ని కొంటుంది. ఆపైన పెరిగేది తేలికదనాన్ని, అందాన్ని, పేరును కొంటుంది. మొదటి మెట్టు దగ్గర మాత్రం పొదుపు చేయవద్దు. ఈసారి స్కాలర్‌షిప్పు డబ్బు చేతికి వచ్చినప్పుడు, బండి ఉన్న తమ్ముళ్లు సెల్‌ఫోను కవరు, కొత్త బూట్ల కన్నా ముందు రెండు హెల్మెట్ల సంగతి ఆలోచించాలి. ఒకటి మీకు. రెండవది సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ బండెక్కే అమ్మకు.