ఎక్స్‌రే తీసేటప్పుడు

ఎక్స్‌రే కిరణాలను 1895లో జర్మనీ శాస్త్రవేత్త రాంట్‌జెన్ కనిపెట్టారు. అవి ఒంట్లోంచి దూరిపోయినా నొప్పి తెలీదు. ఛాతీ ఎక్స్‌రే ఒకటికి రేడియేషన్ సుమారు 0.1 మిల్లీసీవర్టు. నేల, ఆకాశం నుంచి ఏడాదికి సగటున 2.4 ఎలాగూ తగులుతుంది. అంటే పదిహేను రోజులదే! టి.బి. అనుమానంతో రాస్తే భయపడి మానొద్దు. సి.టి. స్కాన్ వేరు, చాలా రెట్లు ఎక్కువ. కడుపు నొప్పికైతే అల్ట్రాసౌండ్ సరిపోతుందా అని డాక్టరు గారిని అడగొచ్చు, అందులో ఈ కిరణాలుండవు.

కదిలితే బొమ్మ చెదిరి మళ్ళీ తీస్తారు, అదే దండగ రేడియేషన్. మా అవ్వకి తెలుగు రాదు. "ఊపిరి బిగపట్టు" అంటే ఏంటో తెలీక కదిలింది, రెండుసార్లు తీశారు. మీ వాళ్ళకి మన భాషలో ముందే చెప్పి పెట్టండి. కడుపుతో ఉన్న అక్కలు తీయకముందే చెప్పాలి. పాత ఫిల్ము చూరులో దోపి మరిచిపోకుండా, వేరే ఆస్పత్రికెళ్తే పట్టుకెళ్ళండి.