పేదయింటి దీపానికి ధర చెల్లించేదెవరు?

ఉద్దానం కొబ్బరి తోటల నడుమ ఉన్న పేదయింటికి వచ్చే విద్యుత్ బిల్లు చిన్నది. ఆ విద్యుత్తును ఉత్పత్తి చేసి, టెక్కలి, పలాసలు దాటించి అక్కడికి చేర్చుటకు అయ్యే వ్యయం మాత్రం చిన్నది కాదు. తక్కిన సొమ్ము ఎవరిది?

కొంత ఇతర వినియోగదారులది. ఎక్కువ యూనిట్లు వాడే గృహాలు, దుకాణాలు, పరిశ్రమలు చెల్లించే హెచ్చు ధరలో అది ఇమిడి ఉంటుంది. పలాస బజారులోని వర్తకుడు తానెరుగకయే పొరుగూరి దీపానికి చమురు పోస్తున్నాడన్నమాట!

మరికొంత రాష్ట్ర ప్రభుత్వానిది. షెడ్యూల్డు కులాల, తెగల గృహాలకు ఉచిత విద్యుత్ పరిమితిని 2019లో నెలకు 200 యూనిట్లకు పెంచినది ప్రభుత్వమే. అయితే ఈ సొమ్ము గృహస్థుని చేతికి రాదు. విశాఖపట్నం కేంద్రంగా గల తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థకు చేరవలసి ఉంటుంది. ఇంటికి వచ్చేది బిల్లులో తగ్గింపు మాత్రమే.

విద్యార్థి మిత్రులు 2003 నాటి విద్యుత్ చట్టంలోని 65వ సెక్షను తప్పక చదవాలి. నియంత్రణ మండలి నిర్ణయించిన ధరకంటె తక్కువకు విద్యుత్తు ఇప్పింపదలచిన ప్రభుత్వం ఆ తేడాను ముందుగానే చెల్లించాలని అది శాసిస్తుంది. చెల్లించనినాడు రాయితీ ఉత్తరువు అమలు కాదు, మండలి నిర్ణయించిన ధరయే వర్తిస్తుంది. ఆ “ముందుగానే” అన్న చిన్న మాటలోనే పేదవాని రక్షణ ఉన్నది. ఖజానా ఆలస్యం చేసిన కొలదీ సంస్థ అప్పు తెచ్చి నడపవలసి వస్తుంది. అప్పుకు వడ్డీ ఉంటుంది.